వాక్యం కార్డు మీదేనా? కాపురంలో కూడానా?

డిసెంబరు 31 రాత్రి పన్నెండు గంటలు కొట్టే వేళకు తెలుగునాట ఏ మందిరంలోకి వెళ్లినా దాదాపు ఒకే దృశ్యం కనిపిస్తుంది. పాత సంవత్సరానికి కృతజ్ఞత, కొత్త సంవత్సరానికి ప్రార్థన, ఆ తర్వాత ఒక బుట్ట. ఆ బుట్టలో రంగురంగుల కార్డులు, ఒక్కో కార్డు మీద ఒక్కో వాగ్దానం. విశ్వాసులు వరుసలో వచ్చి కళ్లు మూసుకుని ఒక కార్డు తీసుకుంటారు. ఆ ఏడాదికి అదే దేవుడు తమకిచ్చిన మాట అని ముద్దు పెట్టుకుంటారు, ఇంటికి తీసుకెళ్లి గోడకు అంటిస్తారు. ముప్పయ్యేళ్లకు పైగా పరిచర్యలో ఉన్న మేము కూడా వేలాది కార్డులు మా చేతులతోనే పంచాం. అందులో తప్పేముందని చాలాకాలం మాకు అనిపించలేదు. కొన్నేళ్ల కిందట మా సంఘంలోని ఒక తల్లి మా కళ్లు తెరిపించింది.

ఆమె నాట్లు వేసి, కలుపు తీసి పిల్లల్ని పెంచిన మనిషి. చదువు రాదు. సంఘంలో అందరూ మామ్మ అని పిలుస్తారు. ఆ సంవత్సరం ఆమెకు వచ్చిన కార్డు మీద స్వస్థత గురించిన వాగ్దానం ఉంది. నిర్గమకాండము 15వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులతో దేవుడు తానే వారిని స్వస్థపరచేవాడినని చెప్పిన మాట అది. మనవరాలు చదివి వినిపిస్తే ఆమె ఎంతో సంతోషించింది. ఆ మర్నాటి నుంచి షుగరు మాత్రలు మానేసింది. ఎవరికీ చెప్పలేదు. మాత్ర వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే కదా అని ఆమె లెక్క. వేసవి వచ్చేసరికి కాలికి చిన్న పుండు పడింది. అది మానలేదు, పెరిగింది. చివరకు ఆసుపత్రిలో రెండు కాలివేళ్లు తీసేయాల్సి వచ్చింది.

చూడటానికి వెళ్లిన మమ్మల్ని ఆమె నిందించలేదు. ఒకే ఒక ప్రశ్న అడిగింది. ‘‘అయ్యగారూ, వాక్యం అబద్ధమా? లేకపోతే నా విశ్వాసమే తక్కువా?’’

వేదాంత కళాశాలలో గ్రీకు, హెబ్రీ భాషలు చదువుకున్నాం, వ్యాఖ్యాన గ్రంథాలు చదివాం. అయినా ఆ మంచం పక్కన వెంటనే నోరు పెగల్లేదు. ఆమె అడిగిన రెండింటిలో ఏదీ నిజం కాదు. నిజమేమిటంటే, ఆమె చేతిలో మేము పెట్టింది ఒక వాక్యపు ముక్క. దానికి ముందేముందో, వెనకేముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్లం మేమే.

ఆ ముక్కకు ముందూ వెనకా

ఆ రోజు ఆసుపత్రిలో కూర్చుని ఆ అధ్యాయమంతా ఆమెకు చదివి వినిపించాం. ఎర్ర సముద్రం దాటిన జనం మూడు రోజులు నీళ్లు లేక నడిచారు. మారా అనే చోట నీళ్లు దొరికాయి గానీ చేదు. మోషే మొరపెట్టాడు. అప్పుడు దేవుడు ఒక చెట్టును చూపించాడు. మోషే దాన్ని నీళ్లలో వేస్తే అవి మధురమయ్యాయి. దేవుడు ఆ మాట చెప్పింది ఆ చోటనే. అక్కడ ఆయన స్వస్థత ఇచ్చింది చెట్టును వాడుకునే. పైగా ఆ మాట ఒక మనిషికి విడిగా ఇచ్చింది కాదు, బానిసత్వం నుంచి బయటికి వచ్చిన ఒక ప్రజకు ఇచ్చింది. వారు తన మాట విని న్యాయంగా నడవాలన్న షరతు కూడా దానితోపాటే ఉంది.

ఆ తర్వాత యెషయా 38వ అధ్యాయం చదివాం. హిజ్కియా రాజుకు మరణకరమైన రోగం వచ్చింది. ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు అతనికి పదిహేనేళ్ల ఆయుష్షు పొడిగిస్తానని మాటిచ్చాడు. అంతకన్నా పెద్ద వాగ్దానం ఇంకేముంటుంది? అయినా అదే అధ్యాయం 21వ వచనంలో, అదే ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమన్నాడు. వాగ్దానం, మందు ఒకే అధ్యాయంలో, ఒకే ప్రవక్త నోట ఉన్నాయి. వాగ్దానం నమ్మిన రాజు మందు వద్దనలేదు. మందు కట్టించుకున్నందుకు అవిశ్వాసి అనిపించుకోలేదు.

పౌలు తిమోతి కడుపు జబ్బుకు అప్పట్లో వాడుకలో ఉన్న ఉపాయం చెప్పాడు (1 తిమోతికి 5:23). తన జతపనివాడు త్రోఫిమును జబ్బుతో మిలేతులో విడిచి వచ్చానని దాచకుండా రాశాడు (2 తిమోతికి 4:20). ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు (కొలొస్సయులకు 4:14). ఇవన్నీ విన్నాక ఆ తల్లి చాలాసేపు మౌనంగా ఉంది. తర్వాత అంది: ‘‘ఇదంతా అందులోనే ఉందా అయ్యగారూ? నాకు అంతా ఇవ్వకుండా అంత ముక్కే ఎందుకిచ్చారు?’’

ప్రియులారా, ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నమే. ఎందుకంటే ఆ ప్రశ్న ఒక్క మామ్మది కాదు, ఈ తరం సంఘమంతటిదీ.

చేతినిండా వచనాలు, చేతికందని గ్రంథం

ఈనాడు బైబిలు దొరకని కాలం కాదు. అరచేతిలోని ఫోనులో తెలుగు బైబిలు ఉంది, చదివి వినిపించే ఆడియో బైబిలు ఉంది. యూవెర్షన్ వారి బైబిలు యాప్ 2008లో వచ్చింది. అప్పటినుంచి తెల్లవారకముందే ఫోనుకు ఒక వచనం రావడం లోకమంతటా అలవాటైంది. మన వాట్సాప్ గ్రూపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉదయం ఆరింటికల్లా ఉదయించే సూర్యుడి బొమ్మ మీద ఒక వచనం, గులాబీ పువ్వు మీద ఇంకో వచనం. చదివేలోపే చెయ్యి తర్వాతి గ్రూపుకు పంపేస్తుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చినప్పుడు మందిరాలు మూతపడి ఆరాధనలు యూట్యూబుకు మారాయి. జూన్ 8 నుంచి ప్రార్థనాలయాలు తెరుచుకోవడానికి అనుమతి వచ్చినా, వాక్యాన్ని నిమిషం వీడియోలుగా వినే అలవాటు మాత్రం మనతోనే ఉండిపోయింది. ఇప్పుడైతే అంశం చెబితే చాలు, క్షణాల్లో ప్రసంగం రాసిపెట్టే కృత్రిమ మేధ కూడా వచ్చింది. కాపరి కష్టపడి చదవకుండానే ఆదివారం గడిచిపోయే రోజులివి.

వీటన్నిటినీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. గల్ఫ్ దేశాల్లో ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు అర్ధరాత్రి వంటగదిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వినే తెలుగు వాక్యమే సంఘం, సహవాసం. చదువురాని వారికి ఆడియో బైబిలు దేవుని దయ. 2011 జనాభా లెక్కల ప్రకారం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం, స్త్రీలలో 59 శాతం. అంటే ప్రతి పదిమంది స్త్రీలలో నలుగురికి చదవడం రాదు. మన సంఘాల్లో ఎక్కువమంది ఎవరో మనకు తెలియనిది కాదు. కాబట్టి సమస్య ఫోనులో లేదు. సమస్య మనం బైబిలును ముక్కలుగా తినడానికి అలవాటుపడటంలో ఉంది.

అసలు అధ్యాయాలు, వచనాల సంఖ్యలు బైబిలు రాసినవారు వేసినవి కావు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్ది ఆరంభంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినదని చెబుతారు. కొత్త నిబంధనకు నేటి వచన సంఖ్యలు రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేశాడు. మాట ఎక్కడుందో వెతుక్కోవడానికి అవి ఎంతో ఉపయోగం. కానీ ఊరి పేరు తెలిపే బోర్డు ఊరు కాదు. పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసింది ఉత్తరం. ఇంటికి వచ్చిన ఉత్తరంలో మధ్య వాక్యం ఒకటి కత్తిరించి గోడకు అంటించి, మిగతాది మడిచి పెట్టెలో పడేసేవారు ఎవరైనా ఉంటారా?

ఆ ఉత్తరం సంగతే చూద్దాం. క్రీస్తువల్ల తాను సమస్తం చేయగలనన్న అర్థమిచ్చే మాట ఫిలిప్పీయులకు 4:13లో ఉంది. పరీక్ష హాల్‌టికెట్ల మీద, ఆటోల వెనక, కొత్త దుకాణాల గోడల మీద దాన్ని చూస్తుంటాం. కానీ దాని పై రెండు వచనాల్లో పౌలు ఏం చెబుతున్నాడు? కడుపు నిండినప్పుడూ, ఆకలిగా ఉన్నప్పుడూ ఎలా ఉండాలో నేర్చుకున్నానంటున్నాడు. సంకెళ్లలో ఉండి రాస్తున్నాడు. అది గెలుపు నినాదం కాదు, ఓటమిలోనూ కుంగిపోని మనిషి సాక్ష్యం. ర్యాంకు వచ్చిన పిల్లవాడి కన్నా ఫెయిలై గదిలో తలుపేసుకున్న పిల్లవాడికి ఆ వచనం ఎక్కువ అవసరం. పై రెండు వచనాలు తీసేసి ఇచ్చాం కాబట్టి, తనలాంటివాడికి ఆ మాట చెందదనుకుని వాడు తలుపు తియ్యడం లేదు.

డెబ్బయ్యేళ్ల ఉత్తరం

వాగ్దాన కార్డుల్లో ఎక్కువగా కనిపించే మరో మాట యిర్మీయా 29:11. దేవునికి మన విషయంలో ఉన్న ఉద్దేశాలు కీడు కోసం కాదు, సమాధానం కోసమేనని, మనకు రాబోయే కాలం, నిరీక్షణ ఇవ్వడానికేనని దాని సారాంశం. అది కూడా ఒక ఉత్తరంలోని మాటే. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కనండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి, డెబ్బయ్యేళ్ల తర్వాత మిమ్మల్ని తీసుకొస్తాను అంటున్నాడు దేవుడు. డెబ్బయ్యేళ్లు! ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవారిలో చాలామంది తిరిగి రాలేదు. ఆ వాగ్దానం వారి మనవల కాలానికి. వారు చెయ్యాల్సింది మాత్రం పరాయి నేలలో మొక్క నాటి నీళ్లు పొయ్యడం.

దాని ముందు అధ్యాయం చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అంతా బాగైపోతుందని దేవాలయంలో అందరి ఎదుట ప్రకటించాడు. జనానికి ఇష్టమైన ప్రవచనం అది. యిర్మీయాది ఎవరికీ నచ్చని ప్రవచనం. కాలం యిర్మీయానే నిజం చేసింది. ఈ రోజు వేదికల మీద, తెరల మీద ఈ నెలలో నీ అప్పు తీరుతుంది, ఈ వారంలో నీ వీసా వస్తుంది అని పేరుపెట్టి ప్రకటించేవారిని వింటుంటే మనకు హనన్యా గుర్తుకు రావాలి. కానీ 28వ అధ్యాయం చదవనివారికి హనన్యా ఎలా గుర్తుకొస్తాడు? బైబిలు మొత్తంగా తెలియని సంఘం మోసపోవడానికి సిద్ధంగా ఉన్న సంఘం. వచనాలు ఎత్తి చూపడం సాతానుకు కూడా తెలుసు. అరణ్యంలో యేసుప్రభువును శోధించినప్పుడు వాడు వాడింది 91వ కీర్తనే (మత్తయి 4:6). ప్రభువు దానికి జవాబిచ్చింది లేఖనాన్ని లేఖనం పక్కన పెట్టి.

మన పెద్దలు ఎలా విన్నారు?

తెలుగువారికి ఈ గ్రంథం తేలికగా రాలేదు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన విశ్వాసి వారికి తోడ్పడ్డాడు. 1809లో క్రాన్, 1810లో దే గ్రాంజ్ కన్నుమూశారు. వారు అనువదించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ ఏడాది మార్చిలోనే ఆ ముద్రణాలయం అగ్నికి ఆహుతై ఎన్నో భాషల అచ్చు అక్షరాలు కరిగిపోయాయి. తమ కష్టం పుస్తకంగా రావడం చూడకుండానే ఆ ఇద్దరూ వెళ్లిపోయారు.

ఆ పుస్తకం చదవగలిగినవారు అప్పటి మన పేదపల్లెల్లో ఎందరు? అయినా వాక్యం పల్లెల్లోకి వెళ్లింది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుగా తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. పలుగు, పార పక్కన పెట్టి సేదతీరే వేళ బోధకులు వారి మధ్య కూర్చుని క్రీస్తు మాటలు చెప్పేవారు. కూలి కోసం, గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని క్లౌ ఆ రోజుల్లో నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయపు పని ముగిశాకే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులకు అక్షరం రాదు. కానీ విన్న మాట వారి పనిలోకి, వారి కూలిలోకి, వారి గౌరవంలోకి వచ్చింది. అంటరానివారని ఊరవతల ఉంచినవారు తలెత్తుకుని నిలబడ్డారు.

1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడై దోర్నకల్ అధ్యక్ష పీఠానికి వచ్చిన అజరయ్య గారు కూడా అంతే. చదువురాని పల్లె విశ్వాసులకు పాటగా, కథగా, కంఠతా వచ్చే మాటగా వాక్యాన్ని నేర్పించారు. బాప్తిస్మం పొందినవారి చేత వారి చేతిని వారి తల మీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు భావాన్ని (1 కొరింథీయులకు 9:16) పలికించేవారు. చూడండి, అక్కడ కూడా ఒక్క వచనమే. కానీ తీసుకునే వచనం కాదు, బాధ్యతను నెత్తిన పెట్టే వచనం. నాకేమొస్తుంది అన్నది మన కార్డు అడిగే ప్రశ్న. నేనేం చెయ్యాలి అన్నది మన తాతలు విన్న వాక్యం అడిగిన ప్రశ్న.

గడపలో పెట్టమన్న మాట

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో దేవుడు తన మాటలను ఎప్పుడు మాట్లాడుకోవాలో చెప్పాడు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఈ నాలుగింటిలో గుడి లేదు, ఆదివారం లేదు. ఇల్లుంది, దారి ఉంది, పక్కబట్టలున్నాయి. వాక్యం దైనందిన జీవితంలో భాగం కావడమంటే ప్రార్థన సమయం ఇంకో పావుగంట పెంచుకోవడం మాత్రమే కాదు. ఇంట్లో జరిగే నిర్ణయాలు వాక్యం ఎదుట జరగడం.

మా మట్టుకు మేము సిగ్గుతో ఒప్పుకోవలసిన సంగతులున్నాయి. పెళ్లిలో బైబిలు సాక్షిగా ప్రమాణాలు చేయిస్తాం. అంతకు నెల ముందు అదే ఇంటి ముందు గదిలో కట్నం లెక్క తేలుతుంది. 1961 నుంచి దేశంలో వరకట్న నిషేధ చట్టం ఉంది. ఆ లెక్క జరిగే రోజున ప్రార్థన చేసి ప్రారంభించిన కాపరులూ ఉన్నారు. మేమూ ఒకప్పుడు అలాంటి ఇంట్లో మౌనంగా కాఫీ తాగి వచ్చాం. క్రీస్తులో యూదుడని, గ్రీసుదేశస్థుడని భేదం లేదని గలతీయులకు 3:28 మీద ఎన్నో ప్రసంగాలు చేశాం. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం ముందుగా కులం అడిగేవారికి ఆ వచనం గుర్తు చెయ్యలేకపోయాం. కూలివాని కూలి మర్నాటిదాకా దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 చెబుతుంది. మన ఇంట్లో పనిచేసే అమ్మాయికి జీతం ఏ తారీకున ఇస్తున్నాం? బైబిలు మన ఇంట్లో భాగమైందా లేదా అన్నదానికి రుజువు షెల్ఫు మీద ఎన్ని బైబిళ్లున్నాయన్నది కాదు, ఆ తారీకే.

వాక్యం విని ఊరుకునేవాడు అద్దంలో ముఖం చూసుకుని వెళ్లి, ఎలా ఉన్నాడో మరచిపోయినవాడితో సమానమన్నాడు యాకోబు (1:23-24). అద్దాన్ని ముక్కలు చేసి, మన ముఖం బాగా కనిపించే ముక్కనొక్కదాన్నే జేబులో పెట్టుకుంటే మరక కనిపించేదెలా?

ఎలా మొదలుపెట్టాలి?

బైబిలులో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు అధ్యాయాల చొప్పున ఏడాదిలో పూర్తవుతుంది. స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ ముర్రే మచేన్ అనే యువ కాపరి 1842లో తన సంఘం కోసం తయారుచేసిన పఠన పట్టికను ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. చేయగలిగినవారు తప్పక చెయ్యండి. కానీ జనవరి ఒకటిన ఆదికాండముతో ఉత్సాహంగా మొదలుపెట్టి, ఫిబ్రవరిలో లేవీయకాండము బలుల దగ్గర ఆగిపోయి, ఆ తప్పుభావంతో సంవత్సరమంతా బైబిలే ముట్టనివారు మాకు చాలామంది తెలుసు. వారికి మేము చెప్పేది వేరు.

మొదటిది, వచనం కాదు, పుస్తకం పట్టుకోండి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక పైకి చదివితే పావుగంట. మార్కు సువార్త రెండు గంటల లోపే. మనం చూసే ఒక సినిమా కన్నా చిన్నది. ఒక నెలంతా ఒకే చిన్న పుస్తకం మళ్లీ మళ్లీ చదవండి, వినండి. నెల తిరిగేసరికి అది మీ సొంతమవుతుంది.

రెండవది, ఒంటరిగా కాదు, కలిసి. ఐతియొపీయుడైన ఆ అధికారి రథంలో యెషయా గ్రంథం చదువుతూనే, ఎవరైనా వివరించకపోతే ఎలా గ్రహించగలనన్నాడు (అపొస్తలుల కార్యములు 8:31). ఎజ్రా కాలంలో గ్రంథాన్ని స్పష్టంగా చదివి, జనం గ్రహించేలా అర్థం చెప్పారు (నెహెమ్యా 8:8). నాలుగిళ్లవారు వారానికొక సాయంత్రం కూర్చోండి. చదువు వచ్చినవారు చదవండి, రానివారు వినండి. అర్థం చేసుకోవడంలో మాత్రం ఇద్దరూ సమానమే. నాట్లు వేసిన మనిషికి విత్తువాని ఉపమానం వేదాంత పట్టా ఉన్నవారికన్నా బాగా తెలుస్తుందని మేము అనుభవంతో చెబుతున్నాం.

మూడవది, మూడు ప్రశ్నలు అడగండి. ఇది మొదట ఎవరికి, ఏ కష్టంలో చెప్పిన మాట? ఇది దేవుని గురించి ఏం చెబుతోంది? ఈ వారం మా ఇంట్లో దీనివల్ల మారవలసింది ఒక్కటి ఏమిటి? మొదటి ప్రశ్న వదిలేసి మూడోదానికి దూకితేనే ప్రమాదం. మొదటి రెండిటి దగ్గరే ఆగిపోతే అది పాండిత్యం మాత్రమే.

నాలుగవది, ప్రసంగించినవారిని పరీక్షించండి. పౌలు అంతటివాడు చెప్పినా, బెరయవారు అది నిజమేనా అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు. అందుకు లూకా వారిని మెచ్చుకున్నాడే గాని గద్దించలేదు (అపొస్తలుల కార్యములు 17:11). టీవీలో చెప్పినా, ఫోనులో వచ్చినా, చివరకు మేము చెప్పినా, ఆ అధ్యాయం తెరిచి చూడండి. మీరు అడిగే ప్రశ్నకు నొచ్చుకునే బోధకుడి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

భాష సంగతి కూడా ఒక మాట. పాత అనువాదంలోని గ్రాంథిక భాష మా తరానికి తేనె. కానీ చదువంతా ఇంగ్లీషు మీడియంలో సాగే పిల్లలకు అది సగం అర్థమవుతుంది, సగం కాదు. సరళమైన తెలుగులో అనువాదాలు దొరుకుతున్నాయి. పిల్లలకు అవి ఇవ్వండి. మర్యాద తగ్గుతుందని భయపడవద్దు. కొత్త నిబంధన రాసింది కూడా ఆనాటి బజారు మనుషులకు తెలిసిన వాడుక గ్రీకులోనే.

కార్డు వెనక వైపు

మా సంఘంలో ఇప్పటికీ డిసెంబరు 31 రాత్రి కార్డులు ఇస్తున్నాం. మానేద్దామనుకున్నాం, కానీ వాటిలో ఓదార్పు పొందే వృద్ధుల ముఖాలు చూసి మానలేదు. ఒక మార్పు మాత్రం చేశాం. కార్డు వెనక వైపు ఖాళీగా ఉండేది. ఇప్పుడక్కడ ఆ మాట ఏ అధ్యాయంలోదో, దానికి ముందూ వెనకా ఏం చదవాలో రాస్తున్నాం. జనవరి నెల గృహ కూడికల్లో ఎవరి కార్డు వారు తెచ్చుకుని ఆ అధ్యాయాలు కలిసి చదువుతాం. అడుగున ఒక వాక్యం ఉంటుంది: మందులు మానవద్దు. చూసి నవ్వినవారూ ఉన్నారు. మేము నవ్వలేదు.

ఆ తల్లి ఇప్పుడు కర్ర సాయంతో మందిరానికి వస్తుంది. మొన్న ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. గుమ్మంలో చాప మీద మామ్మ, పదో తరగతి చదివే మనవరాలు కూర్చుని ఉన్నారు. మార్కు సువార్త తెరిచి ఉంది. ఇంగ్లీషు మీడియం పిల్ల తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతోంది. ‘పక్షవాయువు’ దగ్గర ఆగి, అంటే ఏమిటని అడిగింది. అక్షరం రాని మామ్మ, పక్కవీధిలో మంచాన పడిన ముసలాయన్ని గుర్తు చేసి అర్థం చెప్పింది. ‘‘ఆయన్ని కూడా నలుగురు మోసుకెళ్లాలే’’ అంది. పిల్ల తలూపి ముందుకు చదివింది. ఒకరికి చూపు, ఇంకొకరికి అర్థం. ఇద్దరూ కలిస్తేగాని ఆ పేజీ తిరగదు.

బైబిలు పక్కనే మాత్రల డబ్బా ఉంది. మేము దానివైపు చూడటం గమనించి ఆమె నవ్వింది. ‘‘రెండూ ఒకచోటే పెట్టుకున్నాను అయ్యగారూ. అది చదివాక ఇది వేసుకుంటాను. ఒకటి మరిచిపోతే రెండోది గుర్తు చేస్తుంది’’ అంది.

మరుసటి ఆదివారం, మంచాన ఉన్న ఆ ముసలాయన్ని మా సంఘపు కుర్రాళ్లు నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి మందిరానికి మోసుకొచ్చారు. వారిని పంపింది మామ్మ. మార్కు 2వ అధ్యాయం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఆ వాక్యం మా ఊళ్లో నడిచి రావడం చూసింది మాత్రం ఆ రోజే.

ప్రియ పాఠకులారా, ఈ రాత్రి మీ గోడ మీది కార్డును ఒకసారి తీసి చూడండి. అది ఏ అధ్యాయంలోదో వెతకండి. ఇంట్లోవారిని పిలిచి ఆ అధ్యాయమంతా పైకి చదవండి. అందులో మీకు దొరికే వాగ్దానం కార్డు మీదిదానికన్నా పెద్దది కావచ్చు, మీరు చెయ్యవలసిన పని కూడా దాని పక్కనే కనిపించవచ్చు. రెండింటినీ కలిపి స్వీకరించే కృప దేవుడు మనకందరికీ అనుగ్రహించును గాక! ఆమేన్.